ఫుల్లర్ ఆల్బ్రైట్

ఫుల్లర్ ఆల్బ్రైట్ (జనవరి 12, 1900 – డిసెంబరు 8, 1969) అమెరికాకు చెందిన ప్రముఖ వైద్యుడు, వినాళ గ్రంథుల శాస్త్రవేత్త. స్త్రీలలో ముట్లుడిగిన (రుతువిరతి) తరువాత ఈస్ట్రోజన్ హార్మోను తగ్గిపోవడం వలన ఎముకలు గుల్లబారుతాయని 1940–41 సంవత్సరాలలో స్పష్టంగా ప్రతిపాదించినవాడు ఇతడే. అంతవరకు వృద్ధాప్య లక్షణంగా మాత్రమే భావించబడిన ఆస్టియోపోరోసిస్ వ్యాధికి హార్మోనుల లోపంతో సంబంధం ఉన్నదని గుర్తించడం ద్వారా స్త్రీల ఆరోగ్య అధ్యయనంలో కొత్త అధ్యాయానికి నాంది పలికాడు. పార్శ్వ అవటు గ్రంథులు, కాల్షియం, భాస్వరాల జీవక్రియ, మూత్రపిండాలలో రాళ్లు మొదలైన విషయాలపైన కూడా విశేషమైన పరిశోధనలు చేశాడు. ఇతడి పేరుతో పిలువబడే వ్యాధులు అనేకం ఉన్నాయి. ముప్పై ఏడవ యేటికే పార్కిన్సన్ వ్యాధి బారిన పడినప్పటికీ సుమారు రెండు దశాబ్దాల పాటు పరిశోధన కొనసాగించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఆల్బ్రైట్ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో 1900 జనవరి 12న జన్మించాడు. తండ్రి జాన్ జోసెఫ్ ఆల్బ్రైట్ బొగ్గు, ఉక్కు, జలవిద్యుత్తు రంగాలలో పేరుపొందిన పారిశ్రామికవేత్త, దాత. బఫెలో నగరంలోని ప్రసిద్ధ కళా ప్రదర్శనశాల ఆయన విరాళంతో నిర్మించబడినదే. తల్లి సుసాన్ ఫుల్లర్. తల్లి ఇంటిపేరే ఇతడికి పేరుగా పెట్టబడింది.

బఫెలోలోని నికొల్స్ పాఠశాలలో చదివిన తరువాత హార్వర్డ్ కళాశాలలో చేరాడు. అనంతరం హార్వర్డ్ వైద్య కళాశాలలో ప్రవేశించి 1924లో వైద్య పట్టభద్రుడయ్యాడు. మొదట్లో ప్రసూతి వైద్యం పట్ల ఆసక్తి ఉన్నప్పటికీ విద్యార్థి దశలోనే జీవక్రియల అధ్యయనం వైపు మళ్లాడు.

వైద్యవృత్తిలో తొలి సంవత్సరాలు

పట్టా పొందిన తరువాత బోస్టన్ నగరంలోని మాసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శిక్షణ పొందాడు. అక్కడ జోసెఫ్ ఆబ్ అనే వైద్యుడి వద్ద పరిశోధకుడిగా చేరాడు. ఆబ్ అప్పట్లో సీసం వలన కలిగే విషప్రభావం గురించి పరిశోధిస్తుండేవాడు. శరీరంలో చేరిన సీసం ఎముకలలో నిలువ ఉంటుంది. కాల్షియం ఎముకలలోకి చేరినప్పుడు సీసమూ చేరుతుంది, కాల్షియం బయటకు వచ్చినప్పుడు సీసమూ బయటకు వస్తుంది. ఈ కారణంగా సీసం గురించిన పరిశోధన కాల్షియం జీవక్రియను అధ్యయనం చేయడానికి దారితీసింది. ఆల్బ్రైట్ జీవితకాల పరిశోధనకు ఇక్కడే పునాది పడింది.

తరువాత బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశాడు. అక్కడ రీడ్ ఎల్స్‌వర్త్‌తో కలిసి పార్శ్వ అవటు గ్రంథుల పనితీరుపై చేసిన అధ్యయనం 1929లో వెలువడింది. 1928–29లో వియన్నా వెళ్లి ఎముకల వ్యాధుల నిపుణుడైన యాకోబ్ ఎర్డ్‌హైమ్ వద్ద ఒక సంవత్సరం గడిపాడు. ఎముకను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించే పద్ధతిని అక్కడే నేర్చుకున్నాడు. ఆపైన బోస్టన్‌కు తిరిగి వచ్చి జీవితాంతం మాసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. క్లేర్ బర్జ్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఇద్దరు కుమారులు.

కెప్టెన్ మార్టెల్

ఆల్బ్రైట్ తొలినాళ్లలో అధ్యయనం చేసిన రోగులలో చార్లెస్ మార్టెల్ ముఖ్యుడు. ఇతడు వాణిజ్య నౌకలో అధికారి. ఆరడుగులకు మించి ఎత్తు ఉన్న మార్టెల్ వెన్నుపూసలు కుంగిపోవడం వలన కొద్ది సంవత్సరాలలో సుమారు ఏడు అంగుళాల ఎత్తు కోల్పోయాడు. ఎముకలు పదేపదే విరిగేవి. 1926లో ఇతడి వ్యాధికి కారణం పార్శ్వ అవటు గ్రంథుల అతిక్రియ అని గుర్తించారు. మెడభాగంలో పలుమార్లు శస్త్రచికిత్స జరిపినా వ్యాధికి కారణమైన గడ్డ కనిపించలేదు. చివరకు 1932లో ఏడవ శస్త్రచికిత్సలో అది ఛాతీ లోపల బయటపడింది. అయితే అప్పటికే మూత్రపిండాలు బాగా దెబ్బతిని ఉండటం వలన మార్టెల్ కొద్దివారాలకే మరణించాడు.

రక్తంలోని ఒక హార్మోను మోతాదు మారితే మనిషి అస్థిపంజరమే కుంగిపోతుందని ఈ ఉదంతం వైద్యులకు కళ్లకు కట్టినట్లు చూపింది. హార్మోను ఎక్కువైనప్పుడు ఎముక నశిస్తున్నప్పుడు, మరొక హార్మోను తక్కువైనప్పుడు కూడా నశించవచ్చు గదా అన్న ఆలోచనకు ఇది తావిచ్చింది.

నాలుగవ వార్డు - పరిశోధన పద్ధతి

మాసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1925లో పది పడకలతో ఒక ప్రత్యేక పరిశోధన విభాగం ప్రారంభమైంది. దీనిని నాలుగవ వార్డు అని పిలిచేవారు. ఆల్బ్రైట్ పరిశోధనలలో అధికభాగం ఇక్కడే జరిగాయి.

ఇక్కడ అనుసరించిన ప్రధాన పద్ధతి జీవక్రియా సమతుల్యత పరీక్ష. రోగికి ప్రతిదినం ఒకే విధమైన ఆహారాన్ని తూచి ఇస్తారు. అందులో ఎంత కాల్షియం, ఎంత భాస్వరం, ఎంత నత్రజని ఉన్నదో ముందే లెక్కించి ఉంచుతారు. రోగి విడిచిన మూత్రాన్ని, మలాన్ని పూర్తిగా సేకరించి వాటిలోని పదార్థాలను కొలుస్తారు. లోపలికి వెళ్లిన దానికంటే బయటకు వచ్చినది ఎక్కువగా ఉంటే శరీరం ఆ పదార్థాన్ని నష్టపోతున్నదని అర్థం. తక్కువగా ఉంటే నిలువ చేసుకుంటున్నదని అర్థం. వారాలు, నెలల తరబడి సాగే ఈ పరీక్షలకు రోగులు, నర్సులు, వంటవారు, రసాయన శాస్త్రజ్ఞులు అందరి సహకారం అవసరమయ్యేది. శరీరంలోని కాల్షియంలో సుమారు 99 శాతం ఎముకలలోనే ఉంటుంది కాబట్టి, ఎముకల సాంద్రతను కొలిచే యంత్రాలు లేని ఆ రోజులలో ఎముక పెరుగుతున్నదో తరుగుతున్నదో తెలుసుకోవడానికి ఇది నమ్మదగిన మార్గంగా ఉండేది.

రక్తంలోని భాస్వరాన్ని కొలిచే విషయంలో తెలుగువారికి సంబంధించిన అంశం ఒకటి ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్ కలిసి 1925లో హార్వర్డ్ వైద్య కళాశాలలో రూపొందించిన ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఆ కాలపు ప్రయోగశాలల్లో విస్తృతంగా వాడుకలో ఉండేది. కాల్షియం, భాస్వరాల జీవక్రియపై జరిగిన పరిశోధనలన్నిటికీ ఇటువంటి కొలమానాలే ఆధారం.

ముట్లుడగడం - ఎముకల గుల్లబారుట

పూర్వస్థితి

వయసు మళ్లిన స్త్రీలలో నడుము వంగిపోవడం, ఎత్తు తగ్గడం, చిన్న దెబ్బకే తుంటి ఎముక విరగడం అన్ని దేశాలలోనూ అనాదిగా కనిపించేవే. ఆస్టియోపోరోసిస్ అనే పదం 19వ శతాబ్దం నుండి వాడుకలో ఉన్నప్పటికీ, అది వార్ధక్యంలో సహజంగా వచ్చే మార్పు అనే అభిప్రాయమే బలంగా ఉండేది. ఎముక బలహీనపడిన ప్రతి సందర్భాన్నీ కాల్షియం లోపంగా భావించడం కూడా సాధారణమే.

ఆల్బ్రైట్ ముందుగా ఈ గందరగోళాన్ని తొలగించే ప్రయత్నం చేశాడు. బలహీనమైన ఎముకలన్నీ ఒకటి కావని చెప్పి, వాటిని మూడు విధాలుగా విడదీశాడు.

* ఆస్టియోమలేషియా: ఎముకకు ఆధారమైన మాంసకృత్తుల చట్రం తయారవుతుంది గాని దానిపై కాల్షియం, భాస్వరం సరిగా చేరవు. విటమిన్ డి లోపం దీనికి ముఖ్యకారణం.
* ఆస్టియైటిస్ ఫైబ్రోసా: పార్శ్వ అవటు గ్రంథుల అతిక్రియ వలన ఎముక వేగంగా కరిగిపోతుంది. మార్టెల్ వ్యాధి ఈ కోవకు చెందినది.
* ఆస్టియోపోరోసిస్: ఉన్న ఎముక నాణ్యతలో లోపం ఉండదు, దానిపై కాల్షియం కూడా సరిగానే ఉంటుంది. అయితే ఎముక పరిమాణమే తక్కువైపోతుంది. రక్తంలో కాల్షియం, భాస్వరం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సాధారణంగా మామూలు స్థాయిలోనే ఉంటాయి.

ఈ విభజన వలన రక్తపరీక్షల సాయంతో ఒక వ్యాధిని మరొక వ్యాధి నుండి వేరుచేయడం సాధ్యమైంది.

1940–41 పరిశీలనలు

అండాశయాల పనితీరుపై ఆల్బ్రైట్ 1930లలోనే పరిశోధనలు ప్రారంభించాడు. ముట్లుడగడం గురించిన ఇతడి వ్యాసం 1936లో వెలువడింది. తన వద్దకు వచ్చే ఎముకల రోగులను, అండాశయ లోపం గల రోగులను ఒకే విభాగంలో చూస్తుండటం వలన ఈ రెంటికీ గల సంబంధం ఇతడి దృష్టికి వచ్చింది.

1940లో అమెరికా వైద్యుల సంఘం సంపుటంలోను, 1941లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలోను సహచరులతో కలిసి ప్రకటించిన వ్యాసాలలో ఈ సంబంధాన్ని వివరించాడు. 65 సంవత్సరాల లోపు వయసులో వెన్నెముక గుల్లబారిన 42 మంది రోగులలో 40 మంది ముట్లుడిగిన స్త్రీలే కావడం ఇందులోని ప్రధాన పరిశీలన. వయసు ఒక్కటే కారణమైతే పురుషులు కూడా ఇంచుమించు అదే సంఖ్యలో ఉండాలి. అలా లేకపోవడమే గాక, శస్త్రచికిత్సలో అండాశయాలు తొలగించబడిన స్త్రీలలో ఈ వ్యాధి చిన్న వయసులోనే కనిపించింది. కాబట్టి దీనికి కారణం గడచిన సంవత్సరాలు కాదు, అండాశయాలు పనిచేయడం మానివేయడమే అని ఆల్బ్రైట్ నిర్ణయించాడు.

వ్యాధి లక్షణాలను కూడా వివరంగా నమోదు చేశాడు. వెన్నెముక, కటి ఎముకలు ముందుగా దెబ్బతింటాయి. పుర్రె సాధారణంగా మార్పు లేకుండా ఉంటుంది. వెన్నుపూసలు కుంగడం వలన నడుమునొప్పి, గూని, ఎత్తు తగ్గడం సంభవిస్తాయి.

పావురాల ఆధారం

ఈస్ట్రోజన్‌కు, ఎముకకు సంబంధం ఉన్నదనడానికి పక్షులపై జరిగిన పరిశోధనలు కూడా తోడ్పడ్డాయి. ఆడ పావురాలు గుడ్లు పెట్టడానికి ముందు వాటి ఎముకల మజ్జ భాగంలో కొత్త ఎముక ఏర్పడుతుందని, గుడ్డు పెంకు తయారయ్యేటప్పుడు ఆ నిలువ ఖర్చవుతుందని 1934లో కైస్, పాటర్ అనే శాస్త్రవేత్తలు గమనించారు. ఈస్ట్రోజన్ ఇచ్చినప్పుడు పావురాలలో ఇటువంటి ఎముక ఏర్పడుతుందని 1938లో ఫైఫర్, గార్డ్‌నర్ చూపారు. సంతానోత్పత్తికి కావలసిన కాల్షియంను ఎముకలో దాచి ఉంచే పని ఈ హార్మోను చేస్తున్నదని ఆల్బ్రైట్ ఈ ఫలితాలను అర్థం చేసుకున్నాడు.

చికిత్స

ముట్లుడిగిన తరువాత ఎముకలు గుల్లబారిన స్త్రీలకు ఆల్బ్రైట్ ఈస్ట్రోజన్ ఇచ్చి సమతుల్యత పరీక్షలు జరిపాడు. చికిత్సకు ముందు కాల్షియం నష్టపోతున్న శరీరం, చికిత్స తరువాత దానిని నిలువ చేసుకోవడం ప్రారంభించింది. మల మూత్రాలలో పోయే కాల్షియం తగ్గింది. ఎడ్వర్డ్ రైఫెన్‌స్టైన్‌తో కలిసి 1947లో ప్రకటించిన వ్యాసంలో ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్ హార్మోనుల ప్రభావాలను వివరంగా పోల్చి చూపాడు. అయితే ఒకసారి కుంగిన వెన్నుపూసలు తిరిగి పూర్వాకృతికి రావు. చికిత్స వలన నొప్పి తగ్గడం, నష్టం ఆగడం మాత్రమే సాధ్యం.

ఇతర పరిశోధనలు

ఆల్బ్రైట్ పేరుతో ముడిపడిన ముఖ్యమైన ఆవిష్కరణలు ఇవి:

* మెక్‌క్యూన్-ఆల్బ్రైట్ వ్యాధి (1937): ఎముకలలో పీచుకణజాలం పెరగడం, చర్మంపై గోధుమరంగు మచ్చలు, బాలికలలో అతి చిన్న వయసులోనే రజస్వల కావడం దీని లక్షణాలు. దీనికి కారణమైన జన్యుమార్పు 1991లో బయటపడింది.
* విటమిన్ డి కి లొంగని రికెట్స్ (1937): సాధారణ మోతాదులో విటమిన్ డి ఇచ్చినా తగ్గని రికెట్స్ వ్యాధిని వివరించాడు.
* మిథ్యా పార్శ్వ అవటు లోపం (1942): హార్మోను తగినంత ఉన్నప్పటికీ శరీరం దానికి స్పందించకపోవడం వలన వ్యాధి రావచ్చని చూపిన తొలి ఉదాహరణ. నేటి వైద్యశాస్త్రంలో హార్మోను నిరోధం అనే భావనకు ఇదే మూలం. కోడిపెట్ట వంటి ఈకలు గల సీబ్రైట్ జాతి కోడిపుంజులు తమ పురుష హార్మోనుకు స్పందించవని భావించి, ఈ వ్యాధిని ఆ కోళ్లతో పోల్చాడు. ఆ పుంజుల చర్మంలో పురుష హార్మోను ఈస్ట్రోజన్‌గా మారడమే అసలు కారణమని తరువాతి కాలంలో తేలింది. పోలిక తప్పినప్పటికీ వ్యాధి గురించిన సిద్ధాంతం నిలిచింది.
* క్లైన్‌ఫెల్టర్ వ్యాధి (1942): హారీ క్లైన్‌ఫెల్టర్, రైఫెన్‌స్టైన్‌లతో కలిసి పురుషులలో వృషణాల లోపానికి సంబంధించిన ఈ వ్యాధిని వర్ణించాడు. వ్యాధి క్లైన్‌ఫెల్టర్ పేరుతోనే ప్రసిద్ధమైంది.
* గడ్డల నుండి వెలువడే హార్మోనులు: మూత్రపిండంలోని క్యాన్సర్ గడ్డ పార్శ్వ అవటు హార్మోను వంటి పదార్థాన్ని విడుదల చేస్తుండవచ్చని 1941లో ఊహించాడు.
* అండోత్సర్గ నిరోధం: ఈస్ట్రోజన్ ఇచ్చి అండం విడుదల కాకుండా ఆపవచ్చని సోమర్స్ స్టర్గిస్‌తో కలిసి 1940లో చూపాడు. బహిష్టు నొప్పికి చికిత్సగా మొదలైన ఈ పరిశోధన, హార్మోనుల ద్వారా గర్భనిరోధం సాధ్యమని సూచించింది. గర్భనిరోధక మాత్ర ఆ తరువాత ఇరవై ఏళ్లకు, 1960లో అమెరికాలో ఆమోదం పొందింది.

అనారోగ్యం, మరణం

1936–37 ప్రాంతంలో ఆల్బ్రైట్‌కు పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు కనిపించాయి. ముట్లుడగడం గురించి, ఎముకల గురించి ఇతడు చేసిన ముఖ్యమైన పరిశోధనలలో చాలావరకు వ్యాధి ప్రారంభమైన తరువాత జరిగినవే. క్రమంగా చేతులు వణకడం, కండరాలు బిగుసుకుపోవడం, మాట అస్పష్టం కావడం జరిగాయి. వ్రాయడం, కారు నడపడం కష్టమైనప్పుడు శిష్యులైన యువవైద్యులు సాయపడేవారు. అటువంటి స్థితిలో కూడా రోగులను స్వయంగా చూడటం, సమతుల్యత పట్టికలను పరిశీలించడం మానలేదు.

1950ల మధ్యనాటికి వ్యాధి బాగా ముదిరింది. అప్పట్లో న్యూయార్క్ వైద్యుడు ఇర్వింగ్ కూపర్ మెదడులోని ఒక చిన్న భాగంలో ఆల్కహాలు ఎక్కించి వణుకును తగ్గించే శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు. అది ప్రయోగదశలోనే ఉన్నప్పటికీ ఆల్బ్రైట్ 1956లో దానికి సిద్ధపడ్డాడు. మొదటి వైపు చేసిన చికిత్స మేలు చేసింది. రెండవ వైపు చేసినప్పుడు మెదడులో రక్తస్రావం జరిగింది. ఆ తరువాత మాట్లాడే శక్తిని కోల్పోయి, తాను ముప్పై సంవత్సరాలు పనిచేసిన మాసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలోనే రోగిగా పదమూడు సంవత్సరాలు గడిపాడు. 1969 డిసెంబరు 8న మరణించాడు. పార్కిన్సన్ వ్యాధికి నేటికీ ముఖ్యమైన ఔషధంగా ఉన్న లీవోడోపా 1960ల చివరిలో గాని చికిత్సలోకి రాలేదు.

తరువాతి కాలంలో తేలిన విషయాలు

ఎముకల పునర్నిర్మాణం

ముట్లుడగడం వలన ఎముక నష్టం జరుగుతుందన్న ఆల్బ్రైట్ ప్రధాన సిద్ధాంతం నిలబడింది. అయితే ఆ నష్టం ఎలా జరుగుతుందన్న అతడి వివరణలో మార్పు వచ్చింది. ఈస్ట్రోజన్ లేనప్పుడు ఎముకను నిర్మించే కణాలు మందగిస్తాయని అతడు భావించాడు. ఎముకను కరిగించే కణాలు విజృంభించడమే ముఖ్యకారణమని తరువాతి పరిశోధనలు చూపాయి.

ఆరోగ్యవంతుల ఎముక నిరంతరం కరుగుతూ, తిరిగి నిర్మింపబడుతూ ఉంటుంది. ఈస్ట్రోజన్ ఈ కరిగించే కణాల సంఖ్యను, ఆయుర్దాయాన్ని అదుపులో ఉంచుతుంది. ముట్లుడిగిన తరువాత ఆ అదుపు తప్పడం వలన కరగడం ఎక్కువవుతుంది. నిర్మాణం కూడా కొంత పెరుగుతుంది గాని కరిగినదంతా భర్తీ కాదు. అందువలన ముట్లుడిగిన తొలి సంవత్సరాలలో ఎముక నష్టం వేగంగా ఉండి, తరువాత నెమ్మదిస్తుంది. ఎముకను నిర్మించే కణాలలో ఈస్ట్రోజన్ గ్రాహకాలు ఉన్నాయని 1988లో కనుగొన్నారు. పురుషులలో కూడా ఎముక బలానికి ఈస్ట్రోజన్ అవసరమని 1990లలో తెలిసింది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా యంత్రాలు 1980ల చివరలో అందుబాటులోకి రావడంతో, ఎముక విరగక ముందే వ్యాధిని గుర్తించడం సాధ్యమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఈ కొలత ఆధారంగానే వ్యాధిని నిర్వచించింది.

జీవక్రియలపై ఇతర ప్రభావాలు

ఆల్బ్రైట్ దృష్టి ప్రధానంగా ఎముకలపైనే ఉన్నది. ఈస్ట్రోజన్ తగ్గడం వలన శరీరమంతటా మార్పులు వస్తాయని తరువాత తెలిసింది. తొడలు, పిరుదుల వద్ద చేరే కొవ్వు ముట్లుడిగిన తరువాత పొట్టభాగంలో, లోపలి అవయవాల చుట్టూ చేరుతుంది. రక్తంలో ఎల్‌డిఎల్ కొలెస్టరాలు పెరుగుతుంది. ఇన్సులిన్‌కు శరీరం స్పందించే శక్తి తగ్గవచ్చు. దీని వలన మధుమేహం, గుండెజబ్బుల అవకాశం పెరుగుతుంది. ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, యోని పొడిబారడం, మూత్ర సంబంధమైన ఇబ్బందులు కూడా ఈ హార్మోను లోపం వలన కలిగేవే. వీటిలో కొన్ని మార్పులకు వయసు పెరగడం, వ్యాయామం తగ్గడం కూడా తోడవుతాయి.

హార్మోను చికిత్స - లాభనష్టాలు

ఈస్ట్రోజన్ మాత్రలు 1940ల నుండి విపణిలో లభించాయి. 1966లో రాబర్ట్ విల్సన్ అనే వైద్యుడు వ్రాసిన ప్రజాదరణ పొందిన పుస్తకం ఈ చికిత్సను యౌవనాన్ని నిలిపే సాధనంగా ప్రచారం చేసింది. ఆల్బ్రైట్ మాత్రం దీనిని ఎముకల వ్యాధికి చికిత్సగానే చూశాడు. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడిన స్త్రీలలో గర్భాశయపు లోపొర క్యాన్సర్ పెరుగుతున్నదని 1975లో బయటపడింది. గర్భాశయం ఉన్న స్త్రీలకు ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ తరహా హార్మోనును కలిపి ఇవ్వడం అప్పటినుండి వాడుకైంది.

అమెరికాలో 50 నుండి 79 సంవత్సరాల మధ్య వయసు గల 16,608 మంది స్త్రీలపై జరిగిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనంలో, రెండు హార్మోనులు కలిపి ఇచ్చిన భాగాన్ని 2002లో గడువుకు ముందే ఆపివేశారు. ఏటా ప్రతి పదివేల మందిలో రొమ్ము క్యాన్సర్ 8, పక్షవాతం 8, గుండెపోటు వంటి హృదయ సమస్యలు 7 అధికంగా కనిపించాయి. తుంటి ఎముక విరగడం మాత్రం 5 తగ్గింది. ఈస్ట్రోజన్ ఎముకను కాపాడుతుందన్న ఆల్బ్రైట్ భావన అరవై ఏళ్ల తరువాత ఈ విధంగా పెద్ద ఎత్తున రుజువైంది. అదే సమయంలో ఆ రక్షణకు కొంత మూల్యం చెల్లించవలసి వస్తుందని కూడా స్పష్టమైంది. 60 ఏళ్ల లోపు, లేదా ముట్లుడిగిన పదేళ్ల లోపు చికిత్స ప్రారంభించిన స్త్రీలలో నష్టం తక్కువగా ఉంటుందని తదుపరి విశ్లేషణలు తెలిపాయి. బిస్‌ఫాస్ఫొనేట్లు, డెనోసుమాబ్ వంటి హార్మోనేతర ఔషధాలు కూడా ఇప్పుడు ఎముకల రక్షణకు అందుబాటులో ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాలలో

అండాశయాలు తొలగించబడిన స్త్రీలలో ఎముకలు చిన్న వయసులోనే గుల్లబారుతాయన్న ఆల్బ్రైట్ పరిశీలనకు తెలుగు రాష్ట్రాలలో ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. 2015–16 నాటి నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 సంవత్సరాల స్త్రీలలో గర్భాశయం తొలగించబడినవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం ఉన్నారు. గర్భాశయంతో పాటు అండాశయాలను కూడా తొలగిస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. అండాశయాలను ఉంచినప్పటికీ కొందరిలో అవి సహజ సమయం కంటే ముందే పనిచేయడం మానవచ్చు. చిన్న వయసులో అండాశయాలు కోల్పోయిన స్త్రీలకు, వైద్యపరమైన అడ్డంకులు లేనిచో, సహజంగా ముట్లుడిగే వయసు వరకు హార్మోను చికిత్సను నిపుణులు సాధారణంగా సూచిస్తారు.

రచనలు, గౌరవాలు

రైఫెన్‌స్టైన్‌తో కలిసి 1948లో ప్రచురించిన పార్శ్వ అవటు గ్రంథులు, జీవక్రియా సంబంధ ఎముకల వ్యాధుల గ్రంథం ఆల్బ్రైట్ ప్రధాన రచన. చాలాకాలం ఈ రంగంలో ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. అమెరికన్ సొసైటీ ఫర్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్ అధ్యక్షుడిగా 1944లో చేసిన ప్రసంగంలో, రోగులకు సేవ చేస్తూనే పరిశోధన జరిపే వైద్యులు చేయదగినవి, చేయరానివి వివరించాడు. వినాళ గ్రంథుల శాస్త్రజ్ఞుల సంఘానికి కూడా అధ్యక్షుడిగా పనిచేశాడు. అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు.

అమెరికన్ సొసైటీ ఫర్ బోన్ అండ్ మినరల్ రీసెర్చ్ అనే సంస్థ ఎముకల పరిశోధనలో విశేష కృషి చేసిన యువశాస్త్రవేత్తలకు ఫుల్లర్ ఆల్బ్రైట్ పురస్కారాన్ని నెలకొల్పింది.